శంకుస్థాపన మహాత్మ్యము

జమ్మలమడుగు పట్టణమున ఏ యింటికైనను చుట్టము వచ్చి కాళ్లు కడుగుకొని కూర్చుండగనే అడుగు మొదటి ప్రశ్న వానలను గూర్చి గాని పంటలను గూర్చి గాని కాదు. "ఉక్కు ఫ్యాక్టరీ యేమాయె?" అని. ఈ ప్రశ్నకు బదులు చెప్పువారును ఎల్లప్పుడు సిద్ధముగనే యుందురు. ఒకడు, కలెక్టరు కచ్చేరిలో పనిచేయు తన బావమఱది ఆ కాగితమును కన్నులార చూచెనని చెప్పును. ఇంకొకడు, పరదేశపు ఇంజనీర్లు రెండు కార్లలో వచ్చి మైలవరము జలాశయమును చూచి పోయిరని చెప్పును. మూడవవాడు ఏమియు పలుకక నవ్వును. ఆ నవ్వువాడే యందఱికంటె ప్రమాదకరుడు. ఏలయన వాని చంకలో ప్లాట్ల పటము చుట్టబడి యుండును.

పెన్న యొడ్డున నున్న యీ చిన్న పట్టణము చుట్టును పడిన పునాదిరాళ్ల చరిత్రమును ముందుగా మనవి చేసెదము. 2007 వ సంవత్సరమున నాటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు బ్రహ్మణీ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన గావించిరి. వేలకొలది యెకరముల భూమి యా సంస్థకు కేటాయింపబడెను. సంస్థాధిపతి గనుల వ్యవహారమున 2011 లో నిర్బంధింపబడెను. కర్మాగారము లేచుట కల్ల యయ్యెను. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టము, కడపజిల్లాలో సమగ్ర ఉక్కు కర్మాగారమునకు గల సాధ్యాసాధ్యములను కేంద్రప్రభుత్వపు ఉక్కు సంస్థ ఆఱు మాసములలో పరిశీలింపవలెనని పదుమూడవ షెడ్యూలున వ్రాసినది. 'పరిశీలింపవలెను' అన్న మాటను మన నాయకులు 'కట్టవలెను' అని చదివి వినిపించిరి. ప్రజలు 'కట్టుచున్నారు' అని విని యింటికి పోయిరి. 2018 డిసెంబరు 27 న చంద్రబాబునాయుడుగారు మైలవరము మండలమందలి కంబాలదిన్నె వద్ద ఒక రాయి వేసిరి. ఏడాది తిరుగకమునుపే, 2019 డిసెంబరు 23 న, జగన్మోహనరెడ్డిగారు సున్నపురాళ్లపల్లె వద్ద మఱియొక రాయి వేసి మూడేండ్లలో పని ముగియునని వాక్రుచ్చిరి. ఆ మూడేండ్లు ముగిసిన పిమ్మట, 2023 ఫిబ్రవరి 15 న, అదే సున్నపురాళ్లపల్లెలో అదే ముఖ్యమంత్రి, ఈ మాఱు జిందాల్ వారి సంస్థతో గూడి, 8,800 కోట్ల రూపాయల కర్మాగారమునకు భూమిపూజ సలిపిరి. మొదటి రాతికిని నాల్గవ రాతికిని నడుమ దాదాపు పదునాఱేండ్లు. ఆ నడుమ ఆ నేలనుండి ఒక్క వీసెడు ఉక్కైనను వెలువడలేదు. నాపరాతికి పేరుపడిన సీమ గనుక పునాదిరాళ్లకు కొదువ లేకపోవుట సహజమే కాబోలు!

పెద్ద కర్మాగార మొక్కనాట లేచునా, విశాఖ ఉక్కు మాత్రము ఎన్నేండ్లకు వచ్చినది, అని కొందఱు పెద్దలు మమ్ము గద్దింతురు. నిజమే. 1971 లో ఇందిరాగాంధిగారు శంకుస్థాపన చేసిన యా కర్మాగారము 1992 లో గాని జాతికి అంకితము కాలేదు. కాని యచ్చట మొదట పుట్టినది పుకారు గాదు, ప్రజల పోరాటము. 1966 నాటి యాందోళనమున ముప్పదిమందికి పైగా ప్రాణములు విడిచిరి. ఆ మరణములను దాటి పోవుట ఏ ప్రభుత్వమునకును శక్యము కాలేదు. అయినను భూములు పోయిన కుటుంబములకు 'ఆర్ కార్డు' అను చీటి నిచ్చి, అందఱకును ఉద్యోగము లీయజాలక, ఆ చీటి తండ్రినుండి కొడుకునకు ఆస్తివలె దిగునట్లు చేసిరి. ఫ్యాక్టరీ వచ్చిన చోటనే యిట్లుండగా రాని చోటి సంగతి యేమనవలెను?

మేము కర్మాగారములకు విరోధులము కాము. కఱవుసీమ యువకులు పొట్ట చేతబట్టుకొని బెంగుళూరికిని హైదరాబాదునకును పోవుచుండుట ప్రతిదినము చూచుచున్నవారము. పెనుకొండ సమీపమున ఎఱ్ఱమంచి వద్ద కియా వారి కార్ల కర్మాగారమునకు 2017 ఏప్రిలులో ఒడంబడిక జరిగినది. 2019 లోనే ఆ కార్లు అంగడికి వచ్చినవి. రావలసినది వచ్చునప్పుడు ఇట్లు వచ్చును. అచ్చటను పుకారు విడువలేదు. 2020 ఫిబ్రవరిలో ఆ కర్మాగారము తమిళనాటికి తరలిపోవునేమో యని వార్త పుట్టగా సంస్థవారే ఖండింపవలసి వచ్చినది. కాని కన్నులయెదుట గోడలు లేచి యున్న చోట అట్టి మాట కొన్ని దినములు మాత్రము బ్రదుకును. జమ్మలమడుగున అది పెరిగి పెద్దదై పిల్లలను కూడ కన్నది.

పుకారు పనిచేయు విధము చూడుడు. రాయి పడుటకు రెండు నెలల ముందే ఎవరికో తెలియును. ఆ తెలిసినవాడు శనగచేనుగల రైతు నింటికి పోయి, అడ్వాన్సుగా కొంత చేతబెట్టి, మూడునెలల గడువుతో అగ్రిమెంటు వ్రాయించుకొనును. గడువు తీఱకమునుపే ఆ అగ్రిమెంటు నలుగురి చేతులు మాఱును. ప్రతి చేతికిని కొంత మిగులును. రైతునకు మాత్రము మొదటి ధరయే. రాయి పడిననాటి మఱునాడు పత్రికలలో బొమ్మలు వచ్చును. ఆ వారమే నల్లరేగడిలో సున్నము పూసిన సరిహద్దురాళ్లు మొలచును. అప్పుడు, అందఱి వెనుక, కొనుటకు వచ్చువా డెవడు? బడిపంతులు, బస్సు కండక్టరు, పింఛను సొమ్ము చేతబడిన గుమాస్తా. అనగా ఈ పత్రిక చదువు మనమే. పాపము, పల్లెవారు మోసపోయిరని జాలిపడుటకు మనకు హక్కు లేదు. పల్లెవారు అమ్మిరి, చదువుకొన్న మనము కొంటిమి.

మా బంధువర్గమున ఒక యుపాధ్యాయుడు 2008 లో పదవీవిరమణ ధనమున సగము పెట్టి ఆ ప్రాంతముననే అయిదు సెంట్ల ప్లాట్లు రెండు కొనెను. కొన్నది తనకొఱకు గాదు, ఇద్దఱు కొమార్తెల పెండ్లికి. పెద్దదానికి సంబంధము కుదిరినపుడు మగపెండ్లివారు నగదు కొంత తగ్గించి, 'రేపిది పదింతలగును' అని సంతోషముతో ఒక ప్లాటు వ్రాయించుకొనిరి. వరకట్నమును 1961 లోనే చట్టము నిషేధించినదని యెఱిగిన విద్యావంతులే ఉభయపక్షములవారును! పదింతలు కాలేదు. కర్మాగారము మాట అడుగంటగానే ఆ ప్లాటునకు కొనువాడు లేకపోయెను. అంతట, 'మీ నాయన మాకు ముళ్లకంప అంటగట్టినాడు' అను మాట అత్తవారింట మొదలైనది. ఆ యమ్మాయి యెన్నేండ్లు ఆ మాటను అన్నముతో గలిపి మ్రింగినదో మే మెఱుగుదుము. 2018 లో కంబాలదిన్నె రాయి పడినపుడు ఆ యింట ఆమెకు కొంత మన్నన పెరిగెను. కొన్ని నెలలకు తగ్గెను. మఱుసటి రాతికి మరల పెరిగెను. ఒక యాడుదాని సంసారసుఖము ముఖ్యమంత్రుల పర్యటనలను బట్టి యెక్కుచు దిగుచు నుండుట మన సంఘమునకెంత చక్కని యలంకారము! ప్లాటు కొన్ననాడు గాని వ్రాసి యిచ్చిననాడు గాని ఆమెను అడిగినవారు లేరు. చిన్నకొమార్తె మాత్రము అడుగకయే చెప్పినది: తన వంతు ప్లాటు తనకు వలదు, నర్సు శిక్షణమునకు ఫీజు కట్టుము, అని. తండ్రి కొన్నదానికంటె తక్కువ ధరకే అమ్మి కట్టెను. ఆమె నేడు తన జీతము తాను తెచ్చుకొనుచున్నది.

ఐ.టి.ఐ.లో ఫిట్టరుపని నేర్చి, మన యూరిలోనే వచ్చును గదా యని అరుగుమీద కూర్చుండి ఇరువదియైదేండ్లు దాటిన పిల్లలను సైతము మేము చూచితిమి. వారిని సోమరులనుట అన్యాయము. కూర్చుండుమన్నవారు ఇంటిలోని పెద్దలే.

ఇక ప్రభుత్వమువారిని అడుగవలసిన దొకటి కలదు. 2013 నాటి భూసేకరణ చట్టపు 101 వ సెక్షనున, సేకరించిన భూమి స్వాధీనమైననాటినుండి అయిదేండ్లు వాడుక లేక పడియున్నచో దానిని మొదటి సొంతదారునకో, వాని వారసులకో, లేక ప్రభుత్వ భూనిధికో తిరిగి చేర్పవలెనని యున్నది. ఆ 'లేక' యను రెండక్షరముల సందులోనుండి ఎన్ని వేల యెకరములైనను జాఱిపోవచ్చును. కార్ల ఫ్యాక్టరీకని వంగదేశపు సింగూరులో 2006 లో తీసికొన్న భూములను సుప్రీంకోర్టు 2016 లో రైతులకు మరల ఇప్పించినది. అదియు పదియేండ్లు పోరిన పిదప. జమ్మలమడుగు శనగరైతు పదియేండ్లు వ్యాజ్యమాడగలడా? కావున రాయి వేయునాడే, ఆ రాతిమీదనే, ముఖ్యమంత్రిగారి పేరు క్రింద, పని మొదలుకాకున్నచో భూమి యెవరికి ఏ తేదీన తిరిగి చేరునో చెక్కింపవలెనని మేము కోరుచున్నాము. అంత పేరు పట్టిన రాతిమీద ఒక తేదీకి చోటు లేకపోదు.

మన యిండ్లలో మనము చేయదగినది అంతకంటె సులభము. ప్లాట్ల పటము చంకబెట్టుకొని యెవడైన మీ గడప యెక్కినచో కాఫీ యిచ్చి కూర్చుండబెట్టుడు. ఇనుపఖనిజము ఏ గనినుండి వచ్చును, దానికి ఒప్పందము వ్రాయబడినదా, గండికోటనుండి నీరు ఎంత యిత్తురు, ఆ యుత్తరువేది, అప్పిచ్చు బ్యాంకు ఏది, అని యడుగుడు. 'పెద్దసారే వచ్చి రాయి వేయుచున్నారు గదా' అని మాత్రమే అతడు బదులు చెప్పినచో, లోపలినుండి మీ యాడుపిల్లను పిలిచి, ఆ సొమ్ముతో తనకేమి చదువవలెనని యున్నదో అతని యెదుటనే అడుగుడు.