తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటే?

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు యజమాని ఉండడు కాబట్టి దానికి చావు లేదని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. కోడ్ అందరిదే. కానీ ఏ మార్పు చేర్చాలో, కొత్త వెర్షన్ ఎప్పుడు విడుదల చేయాలో నిర్ణయించే బాధ్యత చాలా ప్రాజెక్టుల్లో ఒక్కరి మీదే ఉంటుంది. ఆ ఒక్కరూ లేకపోతే ఏమవుతుంది? ఈమధ్య జరిగిన మూడు సంఘటనలు మూడు రకాల జవాబులు చెబుతున్నాయి.

మొదటిది విమ్. ప్రోగ్రాములు రాసేవాళ్లు విరివిగా వాడే ఎడిటర్ ఇది. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1991లో దీన్ని విడుదల చేశారు. మూడు దశాబ్దాలకు పైగా తానే నడిపించారు. సాఫ్ట్‌వేర్ నచ్చితే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయండని వాడేవాళ్లను కోరారు. 2023 ఆగస్టు 3న ఆయన కన్నుమూశారు. అయినా పని ఆగలేదు. ఏళ్ల తరబడి ఆయనతో కలిసి పనిచేసిన క్రిస్టియన్ బ్రాబాంట్ బాధ్యత తీసుకున్నారు. 2024 జనవరిలో వచ్చిన 9.1 వెర్షన్‌ను బ్రామ్‌కు అంకితమిచ్చారు. పని తెలిసినవాళ్లు ముందునుంచే పక్కన ఉండటమే దీన్ని నిలబెట్టింది.

రెండోది పైథాన్. తమిళనాడులో 12వ తరగతి కంప్యూటర్ సైన్స్ పిల్లలు నేర్చుకునే భాషే ఇది. దాని సృష్టికర్త గైడో వాన్ రోసమ్ 2018 జూలైలో, ఒక మార్పు మీద రేగిన వాదోపవాదాలతో విసిగి, నిర్ణేత స్థానం నుంచి తప్పుకున్నారు. వారసుణ్ని ప్రకటించలేదు. మీరే తేల్చుకోండన్నారు. డెవలపర్లు నెలల తరబడి చర్చించి, ఓటు వేసి, ఐదుగురు సభ్యుల మండలిని ఎంచుకున్నారు. అందులో ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించి ఉండకూడదన్నది నియమం.

మూడోది హెచ్చరిక. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న సాఫ్ట్‌వేర్. దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఒక్కరే, తీరిక వేళల్లో చూసుకునేవారు. పని నెమ్మదిగా సాగుతోందని, మరొకరికి అప్పగించాలని కొన్ని ముక్కూమొహం తెలియని ఖాతాలు ఒత్తిడి తెచ్చాయి. సాయం చేస్తూ నమ్మకం సంపాదించిన మరో ఖాతాకు అధికారం దక్కింది. చివరకు ఆ ఖాతా నుంచే అందులో దొంగదారి చొరబడింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించిన ఒక ఇంజినీరు 2024 మార్చిలో దాన్ని పట్టుకున్నారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. లైసెన్సు కోడ్‌ను పంచుతుంది. పాస్‌వర్డులను, విడుదల చేసే అధికారాన్ని, అనుభవాన్ని మనుషులే పంచుకోవాలి. అదీ పెద్దవారు ఉండగానే జరగాలి. అలసిపోయిన మనిషి మీద ఒత్తిడి తెచ్చి చేయించే అప్పగింత ప్రమాదకరం.

బడి నడిపే మనకూ ఇది వర్తిస్తుంది. ల్యాబ్ పాస్‌వర్డ్, యూడైస్ లాగిన్, పాఠ్యపుస్తకాల ఇండెంట్ వివరాలు ఒకే టీచరుకు తెలిసిన బడులు మనకు కొత్త కాదు. ఆ టీచరు బదిలీ అయ్యేదాకా ఆగకుండా, ఈ ఏడాదే రెండో మనిషికి నేర్పిద్దాం. వివరాలు రాసి హెచ్‌ఎం దగ్గర భద్రపరుద్దాం. తల్లిదండ్రులు కూడా పాఠశాల కమిటీ సమావేశంలో ఒక్క ప్రశ్న అడగాలి: ‘ఈ పని తెలిసిన రెండో మనిషి ఎవరు?’