టీసీ చేతికిచ్చే ముందు

2013లో మేము ఒక ఉత్తరం రాశాం. అమీర్‌పేట వైపు ఒక బడిలో అప్పుడు ఉర్దూ చెబుతుండేవాళ్లం. స్వంత కారణాల వల్ల మా అబ్బాయిని వేరే బడిలో చేర్పించదలచామని, కావున టీసీ ఇప్పించ ప్రార్థన అని అందులో సారాంశం. తండ్రి పంక్చర్లు వేసుకునే మనిషి. పని మధ్యలో కబురు పెడితే నూనె చేతులతోనే వచ్చాడు. తెలుగు మాట్లాడతాడు గానీ రాయలేడు. "మౌల్వీ సాబ్, మీరే రాసిపెట్టండి" అన్నాడు. రాసిపెట్టాం. కింద ఉర్దూలో సంతకం చేశాడు.

నిజానికి ఆయన టీసీ అడగలేదు. అడిగినట్లు కాగితం తీసుకోమని పైనుంచి చెప్పారు. ఏడో తరగతి పిల్లవాడు నీళ్ల కొళాయి దగ్గర తోటివాణ్ణి కొట్టాడు, పెదవి చిట్లి కుట్లు పడ్డాయి. అంతవరకే అందరికీ తెలుసు. ఎందుకు కొట్టావని అడిగారు గానీ జవాబు వినే ఓపిక ఎవరికీ లేకపోయింది, మాతో సహా. కొన్ని నెలలుగా అవతలి పిల్లవాడు వీణ్ణి పేరుతో పిలవడం మానేసి 'పంక్చర్' అని పిలుస్తున్నాడని, వీడు బదులుగా వాళ్లమ్మ ఇళ్లలో చేసే అంట్ల పనిని ఎత్తిపొడుస్తున్నాడని ఆ తర్వాత తెలిసింది. ఆ కుర్రవాడు వేరే ఏ బడిలోనూ చేరలేదు. తండ్రి పక్కన ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ కూర్చున్నాడు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి వెళ్లగొట్టకూడదు. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి, పరీక్ష తప్పితే అదే తరగతిలో ఉంచే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు గానీ వెళ్లగొట్టరాదన్న మాట అలాగే ఉంది. వెళ్లగొట్టకూడదు కాబట్టే, తండ్రి తానుగా తీసుకుపోతున్నట్లు కాగితం కావలసివచ్చింది. ఆ చట్టాన్ని తప్పించుకునే దారి మా చేతిరాతలో సాగింది.

బెత్తం సంగతీ ఇంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002లోనే బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మనసు నొప్పించే హింసను కూడా కాదన్నది. మంచిదే. కానీ బెత్తం తీసేశాక ఆ స్థానంలో ఏం పెట్టాలో మాకెవరూ నేర్పలేదు. మేము మదర్సాలో దెబ్బలు తింటూ చదువుకున్నవాళ్లం, మాకు తెలిసిన విద్య అదొక్కటే. బెత్తం పోయింది, టీసీ వచ్చింది.

న్యూజిలాండ్‌లో మావోరీలనే ఆదివాసుల ఆచారం ఒకటుంది. కుర్రవాడు తప్పు చేస్తే అది వాడొక్కడిదే కాదు, ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడవలసిన విషయం. 1989లో ఆ దేశం దాన్ని బాలల చట్టంలో చేర్చింది. 1994లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక హైస్కూల్ ఆ పద్ధతిని బడిలోకి తెచ్చింది. తర్వాత అది 'రెస్టోరేటివ్ ప్రాక్టీసెస్' అనే పేరుతో చాలా దేశాల బడులకు పాకింది. పేరు బరువైనదే గానీ పని తేలిక. కొట్టినవాడు, దెబ్బ తిన్నవాడు, ఇరువైపుల పెద్దలు, ఒక టీచరు గుండ్రంగా కూర్చుంటారు. ఏం జరిగింది, అప్పుడు నీ మనసులో ఏముంది, దీనివల్ల ఎవరెవరికి నష్టం కలిగింది, దాన్ని సరిచేయడానికి నువ్వేం చేస్తావు అని అడుగుతారు. ఏ నియమం తప్పావు, దానికి ఏ శిక్ష అన్న ప్రశ్నతో మొదలుపెట్టరు.

కొన్నేళ్ల తర్వాత పంజాగుట్ట దగ్గర పనిచేస్తున్నప్పుడు ఒకసారి ఇలా కూర్చోబెట్టి చూశాం. ఎనిమిదో తరగతి పిల్లలు. ఒకడు ఇంకొకడి కళ్లజోడు విరగ్గొట్టాడు. బడి వదిలాక సైన్సు గదిలో ఆరు కుర్చీలు వేశాం. మొదటి పావుగంట ఎవరూ నోరు విప్పలేదు. మాకైతే లేచి ఉపన్యాసం ఇవ్వాలనిపించింది (ఉపాధ్యాయుడికి మౌనం కంటే కష్టమైన పని లేదు). చివరికి ఆ కళ్లజోడు అప్పు చేసి కొన్నానని, అప్పు ఇంకా తీరలేదని తల్లి చెప్పింది. విరగ్గొట్టినవాడు తలెత్తి ఆమెను చూడటం అదే మొదలు. తన తెలుగులోని ఉర్దూ యాసను తరగతిలో రోజూ వెక్కిరిస్తున్నాడని వాడు చెప్పగలిగింది కూడా ఆ తర్వాతే. రెండోవాడు కాదనలేదు. కొత్త కళ్లజోడుకు సగం డబ్బు వీడి అన్న ఇచ్చేలా, అది వచ్చేదాకా బోర్డు మీది నోట్సు వీడే రెండు పుస్తకాల్లో రాసేలా ఒప్పుకున్నారు. స్నేహితులయ్యారని చెప్పలేం, కాలేదు. కానీ ఆ ఏడాది చివరిదాకా ఇద్దరూ బడికి వచ్చారు.

దివ్య ఖుర్‌ఆన్‌లో హుజురాత్ సూరా మనందరికీ తెలిసిందే. విశ్వాసుల్లో రెండు వర్గాలు పోట్లాడుకుంటే సంధి చేయమన్న ఆదేశం తొమ్మిదో ఆయత్‌లో ఉంది. ఆ వెంటనే, పదకొండో ఆయత్‌లో, ఒకరినొకరు వెక్కిరించుకోవద్దని, చెడ్డ పేర్లు పెట్టి పిలవవద్దని ఉంది. ఈ రెండూ అంత దగ్గరగా ఎందుకున్నాయో మాకు ఆ 'పంక్చర్' అన్న మాట విన్నాకే తెలిసింది. ఇంకొకటి కూడా గమనించాలి. ఆ సంధి న్యాయంగా జరగాలని అక్కడే షరతు ఉంది. మన ఇళ్లలో రాజీ అంటే బలమైనవాడి పక్కన కూర్చుని బలహీనుణ్ణి "పోనీలే బేటా" అనడంగా మారింది. అది సుల్హ్ కాదు. దెబ్బ తిన్న పిల్లవాడు కూర్చోనంటే బలవంతం చేయకూడదు. మాఫీ ఇవ్వనంటే అది వాడి హక్కు.

ఇలా కూర్చోబెట్టకూడని విషయాలు కూడా ఉన్నాయి. పిల్లల మీద లైంగిక అత్యాచారం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పరువు పేరుతో దాన్ని బడి గదిలోనో, మొహల్లా పెద్దల దగ్గరో ముగించడం నేరం.

టైమెక్కడిది అంటారు ఉపాధ్యాయులు. మేమూ అన్నాం. కళ్లజోడు పంచాయితీకి నాలుగు సాయంత్రాలు పట్టింది, జీతంలో దానికి లెక్క లేదు. ఇది ఒక టీచరు మంచితనం మీద నడిచే పని కాకూడదు, టైంటేబుల్‌లో ఉండాలి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వస్తారు. వాళ్ల హాస్టళ్లలో వండేవాళ్ల పిల్లలు, టిఫిన్ బండ్లవాళ్ల పిల్లలు చదివేది పక్క వీధి సర్కారు బడిలో. ఆ బడి కమిటీలో మన తండ్రులు, ముఖ్యంగా తల్లులు, మధ్యాహ్న భోజనం గురించి అడిగినట్లే దీని గురించీ అడగాలి. గొడవ జరిగితే ఇరువైపులా కూర్చోబెట్టారా, ఎవరు కూర్చోబెట్టారు, పిల్లలు ఏం చెప్పారు అని.

టీసీ కోసం కాగితం రాసిమ్మని బడివాళ్లు అంటే, కూర్చుని మాట్లాడేదాకా సంతకం చేయనని చెప్పండి. ఎనిమిదో తరగతి లోపు పిల్లవాడైతే ఆ మాట అనే హక్కు మీకు చట్టమే ఇచ్చింది. రాయడం రాక మా దగ్గరికి వస్తే, అలాంటి ఉత్తరం ఇకమీదట మేము రాయం. మీతో పాటు బడికి వస్తాం.