రాజ్యాంగం వద్దన్న పరీక్ష

ఏ ప్రభుత్వ పదవికీ మతపరీక్ష పెట్టరాదని అమెరికా రాజ్యాంగం ఆరవ అధికరణం శాసిస్తున్నది. శాసనం చెక్కుచెదరలేదు. పరీక్ష మాత్రం ఎన్నికల వేదికలమీద జరిగిపోతూనే ఉన్నది.

1960లో కాథలిక్కు అయిన కెనడీ, హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంటు బోధకుల ముందు నిలబడి, తన చర్చి తన పరిపాలనను శాసించదని చెప్పుకోవలసివచ్చింది. 2008లో ఒబామాను కొందరు ముస్లిమన్నారు. మరికొందరు, చికాగోలో ఆయన చర్చి పాస్టరుగా ఉండిన జెరమయా రైటు ప్రసంగాలకు ఆయనే జవాబుదారీ అన్నారు. సుమారు ఇరవై ఏళ్లుగా సభ్యుడుగా ఉన్న ఆ ట్రినిటీ చర్చిని మే నెలాఖరున ఆయన వదులుకోవలసివచ్చింది.

నిందవేసినవారిని తిట్టి ఊరుకుంటే సరిపోదు. "కాదు, ఆయన క్రైస్తవుడే" అన్న అభిమానుల సమాధానం మాత్రం ఏపాటిది? ముస్లిమైతే అనర్హుడేనని అది ఒప్పుకున్నట్టే కదా! ముస్లిమైతే మాత్రం తప్పేమిటని అడగడానికి ఆ అక్టోబరులో ఎదుటి పక్షానికి చెందిన కోలిన్ పవెల్ నోరు విప్పవలసివచ్చింది.

ఆ ఏడాదే ఇరాక్‌లో యుద్ధం సాగుతున్నది. అప్పులు తీర్చలేని కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకుంటున్నాయి. వీటికి జవాబు చెప్పవలసిన అభ్యర్థిని పట్టుకుని ఏ చర్చిలో మోకరిల్లుతావని అడిగితే లాభం ఎవరికి? అతని ప్రార్థన అతని సొంతవిషయం. అతని చట్టం ఎవరి కొమ్ముకాస్తుందో ఓటరు నిలదీసి అడగాలి.