ఓల్నీ కవి అనుమానం

తెలుగు క్రైస్తవ ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఒక ప్రశ్న బాగా అలవాటు. ఉజ్జీవ సభల్లో స్టేజీ మీద నుంచి వస్తుంది, సంబంధం మాట్లాడుకునే చోట పిల్ల మేనమామ నోటి నుంచి వస్తుంది, రైల్లో పక్క సీటాయన నుంచి కూడా వస్తుంది. "బాబూ, మీరు రక్షణ పొందారా?" దాని వెనకే ఇంకోటి. "ఎప్పుడు?" తేదీ చెప్పగలిగితే మీకు సాక్ష్యం ఉన్నట్టు. చెప్పలేకపోతే జాలిగా ఓ చూపు, చేతిలో ఓ కరపత్రం.

ఈసారి ఆ ప్రశ్న గురించే రాద్దామనుకున్నాను. క్రైస్తవులు కాని పాఠకులు ఇది మనది కాదులే అని వెళ్ళిపోకండి. "చెయ్యాల్సింది చేశాను, ఇది సరిపోతుందా?" అనే బెంగ ఏ మతానికీ సొంతం కాదు. క్రైస్తవుల్లో దానికో పేరుంది, అంతే. రక్షణ నిశ్చయత.

చిక్కు ఎక్కడుందంటే, బైబిల్లో రెండు రకాల మాటలూ ఉన్నాయి. మీకు నిత్యజీవం ఉందని మీరు తెలుసుకోవాలనే ఇదంతా రాస్తున్నానని యోహాను తన మొదటి పత్రిక చివర్లో చెప్తాడు. చావు గానీ బతుకు గానీ మనల్ని దేవుడి ప్రేమ నుంచి వేరు చెయ్యలేవని పౌలు రోమా సంఘానికి రాస్తాడు. ఆ పౌలే ఫిలిప్పీ వాళ్ళకి రాసేటప్పుడు భయంతో, వణుకుతో మీ రక్షణ సంగతి చూసుకోండంటాడు. మత్తయి ఏడో అధ్యాయంలోనైతే, ప్రభువా ప్రభువా అంటూ ఆయన పేరు మీద అద్భుతాలు చేసినవాళ్ళని కూడా ఆయన ఎరగనని పంపించేస్తాడు. పాపం, వాళ్ళకి తమ మీద తమకి ఏ అనుమానమూ ఉన్నట్టు కనపడదు.

అందుకే సంఘాలు ఈ విషయంలో ఎప్పుడూ ఒక్క మాట మీద లేవు. 1547 జనవరిలో ట్రెంట్ మహాసభలో కూర్చున్న కేథలిక్ పెద్దలు, దేవుడు ప్రత్యేకంగా బయలుపరిస్తే తప్ప నేను చివరిదాకా నిలుస్తానని ఎవరూ ఖాయంగా చెప్పుకోకూడదన్నారు. మరోపక్క కాల్విన్ అసలు విశ్వాసమంటేనే దేవుడికి మన మీదున్న దయ గురించిన నిశ్చయమైన ఎరుక అన్నాడు. వందేళ్ళు గడిచేసరికి ఆయన దారిలో నడిచినవాళ్ళే కొంచెం మెత్తబడ్డారు. 1640ల్లో తయారైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం పద్దెనిమిదో అధ్యాయంలో, నిజమైన విశ్వాసి కూడా ఈ నిశ్చయత కోసం చాలాకాలం ఎదురుచూడాల్సి రావచ్చనీ, వచ్చింది కూడా ఒక్కోసారి కదిలిపోవచ్చనీ ఒప్పుకున్నారు. సంఘ కాపరులుగా పనిచేసినవాళ్ళు రాసిన వాక్యమని చదవగానే తెలుస్తుంది. మంచాల పక్కన కూర్చున్న అనుభవం ఉంది అందులో.

పుస్తకాల సంగతి అలా ఉంచి, ఒక మనిషి సంగతి చెప్తాను.

మిల్టన్ కీన్స్‌లో మా ఇంటి నుంచి కార్లో అరగంట లోపే ఓల్నీ అనే చిన్న ఊరు. బజారు వీధిలో ఎర్ర ఇటుకల ఇల్లొకటి ఇప్పుడు మ్యూజియం. ఇండియా నుంచి ఎవరొచ్చినా చూపించడానికి తీసుకెళ్తుంటాను. అది విలియం కూపర్ అనే కవి ఇల్లు. పేరు రాసేది కౌపర్ అన్నట్టుంటుంది గానీ ఇక్కడివాళ్ళు కూపర్ అనే పలుకుతారు. 1731లో పుట్టాడు. ఆరేళ్ళకే తల్లి పోయింది. లా చదివాడు. 1763లో ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగానికి అందరి ముందూ పరీక్షకి నిలబడాల్సి వచ్చేసరికి మనసు చెదిరిపోయి, ప్రాణం తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్‌లో ఒక డాక్టరు నడిపే ఆశ్రయంలో పెట్టారు. అక్కడే 1764లో రోమా పత్రిక మూడో అధ్యాయం చదువుతుండగా తనకి క్షమాపణ దొరికిందని నమ్మకం కుదిరింది. "ఎప్పుడు?" అని అడిగితే జవాబు చెప్పగలిగినవాడే అన్నమాట.

1767లో ఓల్నీ వచ్చాడు. అక్కడి సంఘానికి పాదిరి జాన్ న్యూటన్. ఒకప్పుడు బానిసల ఓడకి కెప్టెన్. ఇద్దరికీ స్నేహం కుదిరి, ప్రార్థన కూటాల కోసం పాటలు కట్టడం మొదలుపెట్టారు. 1779లో అచ్చయిన ఓల్నీ కీర్తనల పుస్తకంలో 348 పాటలున్నాయి. అరవైకి పైగా కూపర్‌వి, మిగతావన్నీ న్యూటన్‌వి. అమేజింగ్ గ్రేస్ అందులోదే. 1773 జనవరి 1న ప్రసంగానికి జతగా న్యూటన్ రాశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కూపర్ మళ్ళీ కూలిపోయాడు. ఆ చలికాలంలోనే ఒక కల వచ్చింది. నీ పని అయిపోయింది, నువ్వు నశించావు అని లాటిన్‌లో ఒక మాట వినిపించింది. దేవుడు తనని వదిలేశాడని ఖాయం చేసుకున్నాడు. ఆ తర్వాత ఇరవయ్యేడేళ్ళు బతికాడు. పెద్ద కవిగా పేరొచ్చింది, హోమర్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు, కుందేళ్ళని పెంచాడు, నవ్వు తెప్పించే ఉత్తరాలు రాశాడు. గుడి మెట్లు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. నాలాంటివాడు ప్రార్థిస్తే అది కూడా అపరాధమే అనుకున్నాడు. చనిపోయే ముందు ఏడాది, 1799లో రాసిన ఆఖరి ఇంగ్లీషు కవిత, నడి సముద్రంలో ఓడ మీద నుంచి కొట్టుకుపోయిన నావికుడి గురించి. ఆ నావికుడి కంటే లోతైన నీళ్ళలో తాను మునిగానని ముగించాడు.

ఈయన కట్టిన పాటలు పాడుకుని ఎంతమంది ధైర్యం తెచ్చుకున్నారో లెక్కలేదు. రాసినవాడికి మాత్రం ఆ ధైర్యం అందలేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆయన తర్కం. దేవుడు ఒకసారి ఏర్పరచుకున్నవాడిని వదలడని ఆయన నేర్చుకున్న సిద్ధాంతం. దాన్ని కూపర్ కాదనలేదు. అందరి విషయంలోనూ అది నిజమేననీ, లోకం మొత్తమ్మీద తన ఒక్కడి కేసే మినహాయింపనీ నమ్మాడు. పరిగెడుతున్న ప్రోగ్రాములో నియమమంతా సరిగ్గా ఉండి, ఒక్క వరస దగ్గర నా పేరు రాసి 'వీడిని తప్ప' అని ఉన్నట్టు. ఇలాంటి మనిషికి వాక్యం చూపిస్తే ఏం లాభం? ప్రతి వాక్యమూ నిజమేనంటాడు, పక్కవాడికి.

నిశ్చయత కావాలంటే నీ జీవితంలో ఫలాలు చూసుకో అని మన ప్రసంగాల్లో చెప్తారు. ప్రేముందా, ప్రార్థనుందా, పాపం మీద అసహ్యం ఉందా? ఉంటే నువ్వు దేవుడి బిడ్డవే. మనసు కుదురుగా ఉన్న రోజున ఈ పరీక్ష బాగానే పనిచేస్తుంది. చీకట్లో ఉన్నవాడు తనలోకి చూసుకుంటే కనపడేది చీకటే. గర్వంలో ఉన్నవాడికి అన్నీ ఫలాలే కనపడతాయి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది సెల్ఫ్ సైన్డ్ సర్టిఫికెట్. నేను నేనేనని నేనే సంతకం పెట్టుకున్న కాగితం. బ్రౌజరు కూడా నమ్మదు, ముందు ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది.

న్యూటన్ బోధ వల్లే కూపర్‌కి పిచ్చెక్కిందని అప్పట్నుంచీ అనేవాళ్ళున్నారు. తేదీలు చూస్తే ఆ మాట నిలబడదు. మొదటిసారి మనసు చెదిరింది 1763లో, అప్పటికి న్యూటన్ ముఖం కూడా చూడలేదు. ఆయనకున్నది జబ్బు. ఇవాళైతే డాక్టరు దానికో పేరు పెట్టి మందిచ్చేవాడు. మన సంఘాల్లో ఇలాంటి బాధలో ఉన్నవాళ్ళని విశ్వాసం తక్కువైందని మందలించడం ఇంకా చూస్తున్నాం. వాళ్ళని ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ప్రార్థన దారిలో కూడా చేసుకోవచ్చు.

న్యూటన్ చేసిందేమిటో చూడండి. 1773లో కూపర్ ఆయన ఇంటికొచ్చి, అక్కడి నుంచి కదలనంటే, ఏడాదికి పైగా అలాగే ఉంచుకున్నాడు. తర్వాత న్యూటన్‌కి లండన్ బదిలీ అయినా ఉత్తరాలు మానలేదు. నేను నరకానికే అని స్నేహితుడు దశాబ్దాల పాటు అంటున్నా, ఆయన మోక్షం గురించి న్యూటన్‌కి ఒక్కసారి అనుమానం రాలేదు. వాదించి గెలవలేకపోయాడు. స్నేహితుడు నమ్మలేనిదాన్ని ఆయన తరఫున తానే నమ్ముతూ పోయాడు.

ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మాది ఒంగోలు పక్క పల్లె. ఆ ప్రాంతపు క్రైస్తవానికి ఒక పెద్ద తేదీ ఉంది. 1878 జులై 3. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ. అంతకు ముందు రెండేళ్ళ పాటు ఘోరమైన కరువు. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలీ కల్పించాడు. తిండి కోసం చేరారనే మాట రాకూడదని కరువు నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆయన వెతికింది కూడా నిశ్చయతే, కాకపోతే ఇతరుల గురించి. ఎవరి గుండెలో ఏముందో కొలిచే పరికరం ఆయన దగ్గరా లేదు. ఆగి చూశాడు, తర్వాత వచ్చినవాళ్ళని చేర్చుకున్నాడు. ఆ 2,222 మందికీ తేదీ ఒక్కటే. తెల్లారుజామున ఎవరెవరికి ఏ అనుమానం కలిగిందో ఎవరూ రాసిపెట్టలేదు.

నాయనమ్మ చివరి రోజుల్లో ఆ వైపు కొత్తగా వచ్చిన ఒక బోధకుడు, రక్షణ తేదీ చెప్పలేనివాళ్ళు రక్షణ లేనివాళ్ళేనని ప్రసంగించాడట. అరవయ్యేళ్ళు ఆదివారం ఆరాధన తప్పని మనిషి. పుట్టుకతోనే గుడిలో పెరిగింది, ఆమెకి తేదీ ఎక్కడిది? వాట్సాప్ కాల్‌లో నన్నడిగింది. "దేవుడు నన్ను లోపలికి రానిస్తాడంటావా, నాయనా?" నేను యోహాను మాట చెప్పాను, రోమా పత్రిక చెప్పాను. "అయ్యన్నీ నిజమేరా, మంచోళ్ళకి" అంది. కూపర్ పేరు కూడా వినని మనిషి, అదే జవాబు.

ఆమెని కుదుటపరిచింది నేను కాదు, మా మేనత్త. స్త్రీల సమాజం వాళ్ళని వెంటబెట్టుకుని రోజూ సాయంత్రం మంచం దగ్గర చేరేది. వాళ్ళు పాడేవాళ్ళు, ప్రార్థించేవాళ్ళు. నాకు నోరు రావట్లేదమ్మా అని నాయనమ్మ అంటే, "నీకు నమ్మకం కుదరకపోతే ఊరుకో అమ్మా. నీ బదులు మేం నమ్ముతున్నాంగా" అందట అత్త. భయం మొత్తం పోయిందో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత నన్ను మాత్రం మళ్ళీ అడగలేదు.

ఒకరి బదులు ఇంకొకరు నమ్మితే చెల్లుతుందా అని శాస్త్రం తెలిసినవాళ్ళు అడుగుతారు. అడగాల్సిందే. ఒకరి విశ్వాసం ఇంకొకరి ఖాతాలో జమ అవుతుందని చాలా సంఘాలు చెప్పవు. కానీ మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాయువు మనిషి కథ తీసి చూడండి. నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి, మంచంతో సహా కిందికి దించారు. యేసు వాళ్ళ విశ్వాసం చూసి అతని పాపాలు క్షమించాడని రాసుంది. మంచం మీదున్నవాడు ఏం నమ్మాడో, ఎంత నమ్మాడో ఆ కథలో ఒక్క ముక్క లేదు. అతను నోరు కూడా విప్పలేదు.

క్రైస్తవులు తమ రక్షణ గురించి నిశ్చయంగా ఉండొచ్చా అంటే, ఉండొచ్చనే నేను అనుకుంటున్నాను. ఆ నిశ్చయత ఆధారపడేది మాటిచ్చినవాడి మీద గనక. ఆ నిశ్చయం అనుభవంలోకి రావడం వేరే సంగతి. కొందరికి చిన్నప్పుడే వస్తుంది, కొందరికి వచ్చి పోతుంది, కూపర్‌లాంటి వాళ్ళకి చివరిదాకా తిరిగి రాదు. రానివాళ్ళని బయటివాళ్ళుగా లెక్కేస్తే, వాళ్ళు రాసిచ్చిన పాటల్ని మనం ఏ ముఖంతో పాడతాం?

కాబట్టి "రక్షణ పొందారా?" అని అడిగేవాళ్ళకి నాదొక మనవి. అవతలి మనిషి తడబడితే కరపత్రం చేతిలో పెట్టి వెళ్ళిపోకండి. కాసేపు కూర్చోండి. మంచానికి నాలుగు కోళ్ళుంటాయి, ఒక్కరు మోస్తే లేవదు.