పరీక్ష పేపరు కోసం పట్టుబట్టిన కవి

సోర్లీ మక్లీన్ పేరు మన పాఠకుల్లో చాలామందికి కొత్త. ఆయన స్కాట్లండ్ గేలిక్ కవి. ఇరవయ్యో శతాబ్దంలో ఆ భాషలో ఆయనను మించిన కవి లేడని తెలిసినవాళ్లు అంటారు. ఐర్లండ్ మహాకవి షేమస్ హీనీ ఆయన కవితను తన చేతులతో ఇంగ్లీషు చేసుకున్నాడు. ఆ కవిత్వం గురించి చెప్పేవాళ్లు ఉన్నారు, ఇకముందూ ఉంటారు. ఆయన బతుకంతా పాఠాలు చెప్పుకుని బతికిన బడిపంతులు. మేము ఇక్కడ తలుచుకుంటున్నది ముఖ్యంగా ఆ పంతులునే.

1911లో రాసే అనే చిన్న దీవిలో పుట్టాడు. అంతకు రెండు తరాల ముందు, 1850ల ప్రాంతంలో, ఆ దీవిలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. గొర్రెల మేతకు నేల కావలసివచ్చి మనుషుల్ని ఓడలెక్కించారు. ఇంట్లో అందరిదీ గేలిక్. బడి మాత్రం ఇంగ్లీషుది. 1872లో వచ్చిన విద్యా చట్టంలో గేలిక్ ప్రస్తావనే లేదు. వాళ్ల చర్చి కీర్తనలు తప్ప మిగతా పాటలన్నీ వ్యర్థమని బోధించేది. అయినా నాయనమ్మ పాడుతూనే ఉంది, పిల్లవాడు వింటూనే ఉన్నాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు సాహిత్యం ప్రథమ శ్రేణిలో పూర్తిచేసి, ఇల్లు గడవాలి, వెనక తమ్ముళ్ల చదువులున్నాయి కాబట్టి ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చాడు.

1936లో స్పెయిన్‌లో ఫాసిస్టుల మీద యుద్ధానికి వెళ్లాలని తపించాడు. ఇంటి బరువు కాళ్లు కట్టేసింది. ఆ వెళ్లలేకపోవడం ఆయన ప్రేమ కవితల్లో కూడా ముల్లులా ఉంటుంది. 1940లో సైన్యం నుంచి పిలుపు వచ్చింది. సిగ్నల్ దళంలో చేరి, 1941 చివర ఈజిప్టుకు కదిలాడు. రాతప్రతులను మిత్రుడు డగ్లస్ యంగ్ చేతుల్లో పెట్టాడు. ఈ యంగ్ సైన్యంలో చేరనని తెగేసి చెప్పి జైలుకు వెళ్లినవాడు. ఒకరు యుద్ధానికి వెళ్లారు, ఒకరు యుద్ధాన్ని కాదని చెరసాలకు వెళ్లారు. పుస్తకం మాత్రం ఇద్దరిదీ. యంగ్ పూనికతో 1943లో గ్లాస్గోలో అచ్చయిన ఆ సంపుటితోనే ఆధునిక గేలిక్ కవిత్వం మలుపు తిరిగింది. స్నేహం ఎంత పెద్ద సాహిత్య సంస్థో చెప్పడానికి మాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఎడారిలో మక్లీన్ మూడుసార్లు గాయపడ్డాడు. 1942 నవంబరు 2న ఎల్ అలమైన్ పోరులో మందుపాతర పేలి పాదాల ఎముకలు విరిగాయి. నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ ఎడారి నుంచి తెచ్చుకున్న కవితల్లో ఒకటి చనిపోయి పడివున్న జర్మన్ కుర్రాడి గురించి. ఫాసిజం మీద పదేళ్లుగా రగులుతున్న మనిషి, ఆ శవం ముందు గెలుపు మాట ఎత్తడు. ఈ పిల్లవాడు కూడా యూదులను హింసించినవాళ్లలో ఉన్నాడా, లేక తరతరాలుగా పెద్దల యుద్ధాలకు తోలుకుపోబడ్డ పేదవాళ్లలో ఒకడా అని అడుగుతాడు. తీర్పు చెప్పడు. సైనికుడిగా అక్కడ నిలబడ్డవాడికే ఆ ప్రశ్న అడిగే హక్కు ఉందని మాకు అనిపిస్తుంది.

తిరిగివచ్చాక మళ్లీ సుద్దముక్క పట్టుకున్నాడు. 1956 నుంచి 1972 దాకా ప్లాక్టన్ అనే సముద్రతీర గ్రామంలో ప్రధానోపాధ్యాయుడు. పంతుళ్ల కొరత ఉన్న బడి. ఆఫీసు పని చూసుకుంటూనే తరగతులకూ వెళ్లేవాడు.

అప్పట్లో గేలిక్‌కు ‘హయ్యర్’ అనే బడి చివరి పరీక్ష ఒక్కటే ఉండేది. పుట్టినప్పటి నుంచి గేలిక్‌లోనే ఏడ్చి నవ్విన పిల్లకూ, ఇంగ్లీషు ఇంట్లో పెరిగి ఆ భాషను బడిలో అక్షరాల నుంచి మొదలుపెట్టిన పిల్లకూ అదే పేపరు. రెండో రకం పిల్లలు మార్కులు పోతాయని ఆ వైపే వచ్చేవారు కారు. ఇంట్లో భాష పోయిన పిల్లలకు బడి తలుపు కూడా మూసేస్తే ఇక మిగిలేది ఎవరు? మక్లీన్ ఈ మాట అధికారుల ముందు ఏళ్ల తరబడి అడిగాడు. 1968లో, నేర్చుకునేవారికోసం వేరే పేపరు వచ్చింది.

ఈ పనుల్లో పడి ఆయన కవిత్వం తగ్గిపోయిందని విమర్శకులు బాధపడతారు. నిజమే, తగ్గింది. ఖాళీ అయిన పూర్వీకుల ఊరు మీద రాసిన ‘హల్లైగ్’ 1954లో ‘గయరమ్’ అనే చిన్న పత్రికలో వచ్చింది. అలాంటివి ఇంకో పది వచ్చేవేమో. అయినా ఆ పరీక్ష పేపరును ఆయన రచనల జాబితాలో చేర్చాలని మా అభిప్రాయం. కవితను చదివేవాళ్లను తయారుచేసింది అదే.

2011 లెక్కల్లో స్కాట్లండ్‌లో గేలిక్ మాట్లాడేవారు 57 వేల పైచిలుకు. అదే ఏడాది మన దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు ఎనిమిది కోట్లు దాటారు. పోలిక లేదనే అనిపిస్తుంది. కానీ తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు. తెలంగాణ 2018లో అన్ని బడుల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. తర్వాత సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ వంటి బడుల పిల్లలకు ‘వెన్నెల’ అనే సరళమైన వాచకం వచ్చింది. ఇలాంటి పుస్తకాన్ని చూడగానే భాష స్థాయి దిగజార్చారని మనలో కొందరికి కోపం వస్తుంది. ఆ కోపం వచ్చినప్పుడు ప్లాక్టన్ పంతులును ఒకసారి తలుచుకోవాలి. ఆయన తన కవితల్లో ఒక్క మాట పలచన చేయలేదు. పరీక్షలో మాత్రం మెట్టు తగ్గించమని పట్టుబట్టాడు.

మన దగ్గర ఈ పని చేస్తున్నవాళ్లు ఉన్నారు. హైదరాబాదులో హిందీ, ఉర్దూ ఇళ్ల పిల్లలకు ఒత్తులు దిద్దిస్తున్న తెలుగు పంతుళ్లు, డాలస్‌లోనో సిడ్నీలోనో వారాంతాల్లో గుణింతాలు చెబుతున్న అమ్మలు. వాళ్ల రాతలు పత్రికల్లో కనిపించవు, ఎందుకంటే మేమెవరమూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం. మీ తరగతిలో ఏ అక్షరం దగ్గర పిల్లలు ఆగిపోతున్నారో, ఏ కథ చెబితే మళ్లీ కదులుతున్నారో రాసి పంపండి. కథలకూ కవితలకూ ఇచ్చినంత చోటు వాటికీ ఇస్తాం.