మందు చేరింది, మాట చేరలేదు

ఈ టపా మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చెరిపేశాను. కోపంలో రాసింది నిలవదని భయం. ఇప్పుడు కోపం కొంత చల్లారింది గానీ దాని కారణం చల్లారలేదు. అందుకని రాస్తున్నాను.

మా అమ్మకు కీళ్ళవాతం. ఆవిడ ఊళ్ళో ఉంటుంది, నేను హైదరాబాదులో. వైద్యుడు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి, ఫోలిక్ ఆమ్లం మిగిలిన రోజుల్లో వేసుకోమని రాశారు. ఆవిడకు వచ్చినవి రెండూ చిన్న పసుపు మాత్రలే. నేను ఇక్కణ్ణుంచే ఆన్‌లైనులో తెప్పించి పంపాను. పెట్టె చేరింది, రసీదూ చేరింది. ఏది వారానికి, ఏది రోజుకు అని ఆవిడకు అర్థమయ్యేలా చెప్పే మనిషి మాత్రం రాలేదు. అమ్మ రెండింటినీ తారుమారు చేసుకుంది. నాలుగోనాడు ఫోనులో "నోరంతా పూసిందిరా, మంచినీళ్ళు కూడా దిగడం లేదు" అంటే నా కాళ్ళు చల్లబడ్డాయి. వారానికి వేసుకోవలసిన ఆ మందు రోజూ పడితే ఎముకల్లోని మూలుగ దెబ్బతింటుంది, ప్రాణమే పోవచ్చు.

మందులమ్మిన సంస్థకు ఫోను చేశాను. "మేము సలహాలివ్వమండీ, మీ డాక్టరుగారిని అడగండి" అన్నారు. డాక్టరుగారు ఫోనెత్తలేదు. చివరకు మా ఊరి మందుల షాపు ఫార్మసిస్టుగారిని పట్టుకున్నాను. చిన్నప్పటినుంచీ నన్ను ఎరిగినవారు. చీటీలో ఏముందో చదివించుకుని, "ఇంకొక్కటి కూడా వేయనీయకు బాబూ. రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించండి" అన్నారు. అమ్మ బతికింది. ఫోను పెట్టేసేముందు ఆయన గొంతు తగ్గించి అన్న మాట ఇది: "నేను చెప్పానని ఎక్కడా అనకు. అమ్మింది నేను కాదు, నాకెందుకొచ్చిన గొడవ!"

ప్రాణం నిలబెట్టిన మాటను దొంగసొత్తులా ఎందుకు దాచుకోవలసి వచ్చింది? నా ప్రశ్న ఇదొక్కటే.

నిబంధనలు తిరగేశాను. చట్టం మూగదేమీ కాదు. భారత ఫార్మసీ మండలి 2015లో తెచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనల ప్రకారం, చీటీ అందుకున్న ఫార్మసిస్టు తానే చొరవ తీసుకుని రోగితోనో, రోగిని చూసుకునేవారితోనో మాట్లాడాలి. మోతాదు, జాగ్రత్తలు, దుష్ప్రభావాలు, ఒకపూట మరచిపోతే ఏం చేయాలి అన్నవి చెప్పాలి. ఆ సంభాషణ వీలైనంతవరకు ఎదురుగా, లేకుంటే టెలిఫోనులో జరగాలని కూడా అందులో ఉంది. అంటే ఫోనులో చెప్పడం తప్పు కాదు సరికదా, విధి! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, ఆ విధి కాగితం మీదే నిద్రపోతోంది.

వైద్యులకు ఇలా జరగలేదు. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తెచ్చింది. వైద్యుడు తానెవరో ఎలా తెలపాలి, రోగి సమ్మతి ఎలా తీసుకోవాలి, ఏ మందు ఫోనులో రాయవచ్చు, ఏది రాయకూడదు అన్నీ విడమరచి చెప్పింది. నమోదైన వైద్యుడు దేశంలో ఏ మూలనున్న రోగికైనా సలహా ఇవ్వవచ్చునంది. ఆ మరునాడే, కరోనా కారణంగా, మందులను ఇంటికి చేర్చడానికి అనుమతిస్తూ మరో ఉత్తర్వు వచ్చింది. దుకాణమున్న రెవెన్యూ జిల్లాలోనే చేర్చాలి, దీర్ఘవ్యాధుల చీటీ 30 రోజుల్లోపుది, తక్కినవాటి చీటీ 7 రోజుల్లోపుది కావాలి అంటూ లెక్కలు కట్టింది.

చూడండి! వైద్యుని మాటకు దేశమంతా పొలిమేర. మందుపెట్టెకు జిల్లా పొలిమేర. మరి ఫార్మసిస్టు మాటకు? 1948 ఫార్మసీ చట్టం ప్రకారం ఆయన పేరుండేది రాష్ట్ర మండలి పట్టికలో. రాష్ట్రం విడిపోయాక తెలుగువారికి రెండు మండళ్ళు. విశాఖలో నమోదైన ఫార్మసిస్టు ఖమ్మంలోని రోగికి ఫోనులో చెప్పింది వికటిస్తే విచారించవలసింది ఏ మండలి? అమ్మింది ఒకరు, చెప్పింది మరొకరు అయితే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నలకు సూటి జవాబు లేనప్పుడు మంచివాడు గొంతు తగ్గిస్తాడు, గడుసువాడు సలహాలివ్వమంటాడు.

ప్రాంతీయ నియమాలుండడం తప్పని నేననడం లేదు. కెనడాలోనూ ఈ వృత్తికి నియమాలు ఏ ప్రాంతానికి ఆ ప్రాంతమే రాసుకుంటుంది. అక్కడి ఒంటారియోలో 2023 జనవరి 1 నుంచి 13 స్వల్ప రుగ్మతలకు ఫార్మసిస్టులే మందు రాయవచ్చునన్నారు. రోగిని ఎదురుగా చూస్తే 19 డాలర్లు, దూరం నుంచి చూస్తే 15 డాలర్లు అని ప్రభుత్వం రుసుము కట్టింది. మందు రాయకపోయినా ఆ రుసుము చెల్లుతుంది. అంటే అక్కడ మాత్రకే కాదు, మాటకూ వెల ఉంది. మన దగ్గర మాట కొసరు, ఆ కొసరు కూడా పెట్టెలో పట్టలేదు.

"ఇలాగైతే ఫార్మసిస్టులు వైద్యులైపోతారు" అంటారు కొందరు. మందు రాసే అధికారం నేనడగడం లేదు. రాసిన మందును ఎలా వేసుకోవాలో చెప్పమంటున్నాను. "గోడకు సర్టిఫికెట్టు వేలాడుతుంది, మనిషి ఉండడు, ఇక ఫోనులో ఎవరు మాట్లాడతారో!" అంటారు ఇంకొందరు. నిజమే, అద్దె సర్టిఫికెట్ల సంగతి మనకు తెలియనిది కాదు. నియమం కావలసింది అందుకే. మాట్లాడినవారు పేరూ, నమోదు సంఖ్యా చెప్పి, సంభాషణ రాసి ఉంచాలంటే గోడమీది కాగితం ఆ పని చేయలేదు కదా!

రెండు తెలుగు రాష్ట్రాల మండళ్ళూ కూర్చుని ఒక్క పుట రాస్తే చాలు. పేరు, సంఖ్య చెప్పాలి. తెలుగులో చెప్పాలి. ప్రమాదకరమైన మందు కొత్తగా పంపితే పెట్టెకంటే ముందు ఫోను వెళ్ళాలి. ప్రమాద లక్షణాలు వింటే ఆసుపత్రికి పంపాలి. రోగి ఏ రాష్ట్రంలో ఉన్నా, ఫార్మసిస్టు నమోదైన మండలే ఫిర్యాదు వినాలి. నమ్మకంగా చెప్పినవానికి రక్షణ ఉండాలి.

అమ్మ మాత్రలిప్పుడు రెండు వేర్వేరు డబ్బాల్లో ఉన్నాయి. వారం మాత్ర డబ్బామీద "ఆదివారం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో నేనే రాశాను. ఆ పని చేయవలసినది నేను కాదు. చేయగలిగిన పెద్దమనిషి మా ఊళ్ళోనే ఉన్నారు, ఇంకా గొంతు తగ్గించే మాట్లాడుతున్నారు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి పెట్టెలు దిగుతూనే ఉంటాయి. ఈసారి దిగినప్పుడు, దీన్నెలా వేసుకోవాలో చెప్పేదెవరని ఒక్క ఫోను చేసి అడగండి. ఏం జవాబొచ్చిందో ఇక్కడ రాయండి.