రెండు పాయల నడుమ దివిసీమ

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండుగా చీలుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ఈ దీవిలోవే. మధ్యధరా దీవులకు జనాన్ని రప్పించే పాతదనం ఇక్కడా ఉంది, లేనిదల్లా ప్రచారమే. ఈ సంచిక ఆ సీమ గురించే.

దీవికి ఎగువన ఘంటసాల. 2వ శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ చెప్పిన ‘కంటకొస్సిల’ అనే వర్తక కేంద్రం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. బౌద్ధ స్తూపం బయటపడింది, రోమన్ నాణేలూ దొరికాయి. మధ్యధరా సరుకు ఈ రేవుల దాకా వచ్చేదన్నమాట! ఆ దగ్గర్లోనే శ్రీకాకుళం (ఉత్తరాంధ్రది వేరు). కృష్ణదేవరాయలకు ‘ఆముక్తమాల్యద’ రాయమని ఆంధ్ర మహావిష్ణువు కలలో ఆనతిచ్చింది అక్కడే.

దీవి కొసన హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి దాటి పాలకాయతిప్ప మీదుగా వెళితే మడ అడవులు, ఆపైన సాగర సంగమం. మాఘ పౌర్ణమికి అక్కడ స్నానాలకు ఇసుక వేస్తే రాలనంత జనం.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ సీమలో వేలమందిని బలిగొంది. నవంబరులో ప్రయాణం పెట్టుకునేవారు తుపాను హెచ్చరికలు చూసుకునే బయలుదేరాలి.